రాజక్క ఫొటోకు చొక్కా తొడగను

స్టూడియో పెట్టాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ఏ కెమెరా కొనాలి, ఏ లెన్సు మంచిది, పెళ్లి ఆల్బం ఎట్లా కూర్చాలి అని అడుగుతారు. అవి నన్ను అడగొద్దు. నేను పని మానేసిన నాటికే నా కెమెరా పాతబడిపోయింది. నాకు తెలిసింది ఒక్కటే. మన చేతికి వచ్చిన మనిషి ముఖాన్ని మనం ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నది. అది కూడా ఎవరో చెబితే తెలియలేదు, తప్పు చేస్తే తెలిసింది. అదే తప్పు ఇప్పుడు ప్రతి గల్లీలో, ప్రతి ఫోన్లో అయిదు నిమిషాల్లో జరిగిపోతోంది. అందుకే ఇది కోపంతో రాస్తున్నాను. నాకు అక్షరాలు యాభై దాటినాక వచ్చాయి. వాక్యం ఎక్కడైనా కుంటితే సర్దుకుని చదవండి.

నేర్చిన పని

మాది కొత్తవాడ. ఇంట్లో జంపఖానాల మగ్గం. నా వంతు నూలుకు రంగులు వేయడం. అప్పట్లో ఫొటోలన్నీ తెలుపు నలుపు. వాటి మీద చేత్తో రంగులు దిద్దడానికి, పరదాల మీద కొండలూ పూలకుండీలూ గీయడానికి రంగుల పని తెలిసినవాడు కావాలని స్టేషన్ రోడ్డులో ఒక ఉస్తాద్ నన్ను పిలిచాడు. ఇరవై ఏళ్ల వయసులో మగ్గం గుంట పక్కనుంచి డార్క్ రూంలోకి వెళ్లాను. తర్వాత కాశిబుగ్గలో నా సొంత స్టూడియో పెట్టుకున్నాను.

ఉస్తాద్ నాకు నెగెటివ్ మీద పెన్సిల్ పట్టడం నేర్పాడు. చెంప మీది గుంటలు పూడ్చడం, కళ్ల కింద నలుపు తీయడం, చామనచాయను తెల్లగా చేయడం. "సారయ్యా, గిరాకి తన మొహం కోసం రాడు. తనకు కావల్సిన మొహం కోసం వస్తడు. గది ఇయ్యి," అనేవాడు. నేను దాన్నే నమ్మి ముప్పై ఏళ్లకు పైగా బతికాను.

మీకు ఎవరూ చెప్పని మాట ఒకటి చెబుతాను. స్టూడియో నడిచేది పెళ్లిళ్లతో కాదు, చనిపోయినవాళ్లతో. బతికున్నప్పుడు ఫొటో దిగని మనిషికి పోయిన మూడో రోజుకల్లా దండ వేయడానికి పటం కావాలి. ఇంటివాళ్లు ఏ పెళ్లి గుంపులోదో గోరంత ముఖం తెస్తారు. దాన్ని పెద్దది చేస్తాం. మూసిన కళ్లు తెరుస్తాం. బనీను మీదున్న ముసలాయనకు తెల్ల చొక్కా తొడుగుతాం. ముత్తైదువగా పోయిన ఆమెకు బొట్టు పెద్దది చేస్తాం. వేల మందికి చేశాను. అందులో తప్పుందని ఒక్కనాడూ అనుకోలేదు.

చదువు రాదు గనక కవర్ల మీద పేర్లకు బదులు గుర్తులు వేసుకునేవాణ్ణి. పెద్ద మీసాలాయన కవరు మీద మీసం, పూలమ్మే ఆమె కవరు మీద పువ్వు. పటం కింద పేరు ఎక్కించడం మా అమ్మాయి స్వరూప పని. కంప్యూటర్ వచ్చినాక దాని ముందు కూర్చునేది తనే. నేను పక్కన నిలబడి ఎక్కడ నీడ తగ్గాలో, ఎక్కడ వెలుగు పెరగాలో చెప్పేవాణ్ణి.

కోమల

ఒకరోజు ఏదో పల్లె నుంచి ఒకాయన వచ్చాడు. తమ్ముడు పోయాడన్నాడు. చేతిలో ఉన్న ఫొటోలో చీర, జడ, మల్లెపూలు, చెవులకు జూకాలు. నాకు అర్థమైంది. అర్థమైనా ఏమీ అడగలేదు. "షర్ట్ వెయ్యి అన్నా. పూలు తీసెయ్యి. జర మీసం పెట్టు," అన్నాడు. సరే అన్నాను.

ఆ పని నేను గర్వంగా చేయించాను. అది కూడా రాయాలి. పై పెదవి మీద వెంట్రుక ఎటు వాలుతుందో నాకు తెలుసు. మీసం అతికించినట్టు కనిపించకుండా ఒక్కో పోచ ఎటు తిరగాలో స్వరూపకు చెప్పాను. అయ్యాక దూరం నుంచి చూసి, పుట్టుమీసమే అనుకున్నాను.

ఆ పటం కౌంటర్ మీద ఉండగా రాజక్క వచ్చింది. పేరు రాజేశ్వరి. మా స్టూడియో వెనక సందులో ఉండేది. హిజ్రాలలో పెద్దామెను గురువు అంటారు, ఆమె దగ్గర బిడ్డల్లా బతికేవాళ్లు చేలాలు. రాజక్క ఆ ఇంటికి గురువు. నాకన్నా రెండేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అనేది. ఆ రోజు ఏదో కార్డుకు పాస్‌పోర్ట్ ఫొటో కావాలని వచ్చింది.

"గిదెవరు తమ్మీ?" అంది పటం చూసి.

"ఎవలో పోయిండ్రట అక్కా. ఊరోళ్లు చేయించుకుంటాండ్రు."

కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది. "కింద ఏం రాసున్నదో సదువు."

"నాకు రాదని నీకెరుకే గదా."

"కీర్తిశేషులు కొమురయ్య అని ఉన్నది. ఇది మా కోమల. ముప్పై ఏండ్లు నాతోని ఒక్క కంచంల తిన్నది. నేనే గుర్తువట్టకుంట చేసినవ్. మంచి పనోనివే."

"అడిగిండ్రు అక్కా, చేసిన."

"ఆమెను అడిగినవా?"

"సచ్చిపోయినామెను ఎట్ల అడుగుత?"

"గందుకే గదా వాళ్లు నీ దగ్గరికొచ్చింది."

గొంతు పెంచలేదు. స్టూల్ మీద కూర్చుని పాస్‌పోర్ట్ ఫొటో దిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పటం ఆపేశానని రాయగలిగితే బాగుండేది. ఆపలేదు. వాళ్లు వచ్చారు, కాగితం చుట్టి ఇచ్చాను. కోమల ఫొటో ఇంకొకటి కడిగి ఆ ఇంటికి తీసుకుపోయి, ఇది పెట్టండి అని చెప్పాల్సింది. అదీ చేయలేదు. ఆ గోడ మీద ఆ మీసం ఇప్పటికీ ఉంది. నేను పెట్టిందే.

కౌంటర్ మీద బడి

నేను ముద్రించిన పేరు నేనే చదవలేకపోయాను. అది మాత్రం నిద్రపోనివ్వలేదు. ఇంకా ఎంతమంది పేర్లు మార్చి గోడలకెక్కించానో. వారం తర్వాత రాజక్క ఇంటికి పోయి, నాకు చదువు చెప్పమన్నాను. చేలాలందరూ నవ్వారు. అందులో చిన్నది సరిత, "మామా, ఈ వయసుల ఏ పోరికి చిట్టి రాస్తానవ్?" అంది. రాజక్క నవ్వలేదు.

"మధ్యాన్నం గిరాకి లేనప్పుడు వస్త. పలక తెచ్చుకో," అంది.

స్టూడియోలో పాత శుభలేఖలు కట్టలు కట్టలుగా పడి ఉండేవి. అవే మా వాచకాలు. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, ముహూర్తం, విందు. తప్పు చదివితే స్కేలుతో వేళ్ల మీద కొట్టేది. స్వరూప ముందర, గిరాకుల ముందర కూడా. "యాభై ఏండ్లు గాలికి తిరిగి ఇప్పుడొచ్చినవ్. చెయ్యి చాపు," అనేది. ఎనిమిది నెలలకు శుభలేఖ మొత్తం ఆగకుండా చదివాను. అప్పుడు మాత్రం, "పాసైనవ్ తమ్మీ. ఇగ ఎవని మొహం కింద ఎవని పేరు పడుతాందో చూసుకో," అంది.

రాజక్క ఇంటర్ చదివింది. టీచర్ ట్రైనింగ్‌కు దరఖాస్తు పెట్టుకున్న యేడే ఇంట్లోంచి వెళ్లగొట్టారు. నడక మార్చుకోమన్నారట, మాట మార్చుకోమన్నారట, మారలేదని తండ్రి మోకు తీసుకున్నాడట. ఆ చేతికి సుద్దముక్క దొరకలేదు, చప్పట్లు దొరికాయి. నాలాంటి మొద్దుకు ఎనిమిది నెలల్లో చదువు నేర్పిన మనిషి దుకాణాల ముందు చెయ్యి చాచి బతికింది. ఊరు ఒక మంచి టీచరును తరిమేసి, ఇంత వయసొచ్చి అడుక్కోవడానికి సిగ్గులేదా అని ఆమెనే అడిగింది. నా చెవులతో నేను విన్నాను.

నాకు చదువొచ్చిన రోజే ఆమె ఒక మాట అడిగింది. "నేను పోయినంక నన్ను కూడ ఎవడో ఒకడు స్టూడియోకి పట్టుకొస్తడు తమ్మీ. గప్పటికి నేను చెప్పినట్టు నాది ఒక ఫొటో ఉండాలె. దాన్ని ఎవ్వరు మార్చొద్దు. గదే నాకు కావాలె." చేస్తానని మాటిచ్చాను.

ఎట్లా కనిపించాలని ఉంది?

రాజక్క ఒక్కతే దిగనంది. వయసు మళ్లినవాళ్లను ఇంకో ఇద్దరిని తెచ్చింది. అంతవరకు నేను వాళ్లకు తీసినవన్నీ కార్డులకు అతికించే ముఖాలే. ఎట్లా కనిపించాలని ఉందని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగాను. పట్టుచీరలూ నగలూ చెబుతారనుకున్నాను. నా బుద్ధి అంతే.

నూర్జహాన్ బీకి డెబ్బై దగ్గర పడ్డాయి. పది మందికి అన్నం వడ్డించే ఇంటి పెద్దగా కనిపించాలంది. "ఎవరి ఇంట్లకన్న పోతే బైటనే పెడతరు బేటా. నేను పెడితే తినేటోళ్లు కావాలె," అంది. చాప పరిచి, దాని మీద భోజనాల గుడ్డ దస్తర్‌ఖాన్ వేసి, మా ఇంటివాళ్లనే కూర్చోబెట్టాం. మా ఆవిడ ముందు మొహమాటపడింది. తర్వాత రెండోసారి అన్నం అడిగింది. గరిటె పట్టుకుని వంగిన నూర్జహాన్ బీ ముఖం ఆ క్షణంలో ఎంత బాగుందో నాకు చెప్పడం రాదు. తీయడం వచ్చింది, తీశాను.

భాగ్య ముప్పై ఏళ్లు రైళ్లలో చప్పట్లు కొట్టి బతికింది. ఒక్కసారి టికెట్ కొనుక్కుని, కిటికీ పక్కన, ఊరికి పోయే మనిషిలాగా కూర్చోవాలంది. నెక్కొండ దాకా ప్యాసింజర్‌లో పోయాం. ఆమె కూర్చోగానే పక్కనున్న ఇద్దరు లేచి నిలబడ్డారు. ఎదురుగా ఉన్నాయన, ఆమె చెయ్యి చాచకముందే జేబులో చెయ్యి పెట్టాడు. "నాకొద్దు సార్, నేను కూడ ఊరికి పోతాన," అని భాగ్య టికెట్ చూపించింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఆయన టికెట్ కలెక్టరేం కాదు, మామూలు ప్రయాణికుడు. ఆమె టికెట్‌ను చూసే హక్కు తనకు ఎవరిచ్చారని ఆయనకు తోచలేదు. నేను నోరు తెరవబోతే భాగ్య కళ్లతోనే ఆపింది. వేళ్ల మధ్య టికెట్, ముఖం మీద కిటికీ గాలి. ఆ ఫొటోలో ఆ రెండే ఉంచాను. నిలబడ్డవాళ్లను రానివ్వలేదు.

రాజక్క టీచరుగా దిగాలంది. దానికి బడి కావాలి. మా వైపే ఉన్న ఒక ప్రైవేటు బడికి ఆదివారం పోయి అడిగాం. ఒక అరగంట ఖాళీ క్లాసు ఇస్తే చాలన్నాం. హెడ్మాస్టరు కుర్చీ చూపించలేదు. "పేరెంట్స్ ఏమన్నా అంటారండి. పిల్లలు కూడా భయపడతారు," అన్నాడు.

"సార్, మీ బడి తెరిచిన నాడు కొబ్బరికాయ కొట్టంగ నన్ను పిలిపిచ్చిండ్రు, యాదికున్నదా? దీవెన పెట్టుమన్నరు. గా దినం కూడ గిదే మొహం," అంది రాజక్క.

ఆయన అది వేరే సంగతి అన్నాడు. ఎట్లా వేరో నాకు ఇప్పటికీ తెలియదు. పిల్ల పుడితే వీళ్ల చెయ్యి నెత్తి మీద పడాలి, దుకాణం తెరిస్తే వీళ్ల దీవెన కావాలి. అదే చెయ్యి సుద్దముక్క పట్టుకుంటే భయం. పిల్లలు ఏనాడూ భయపడలేదు. ఆ రోజు కూడా గేటు దగ్గర ఆడుకుంటున్నవాళ్లు ఆమె చుట్టూ చేరి కళ్లద్దాలు పెట్టుకుంటామని అడుగుతున్నారు. పెద్దవాళ్ల భయాన్ని పిల్లల పేరు మీద చెప్పడం ఒక అలవాటు.

తిరిగొచ్చి స్టూడియో గోడకు నల్లరంగు వేశాను. ఆరేదాకా రెండు రోజులు గిరాకిని పంపించేశాను. రాజక్క నేత చీర కట్టుకుని వచ్చింది. సుద్దతో పైన తేదీ వేసింది. పక్కన, బడుల్లో వేసినట్టే, మొత్తం అని రాసి ఒకటి వేసింది. హాజరు అని రాసి ఒకటి వేసింది. ఎడమ కిటికీ ఒక్కటే తెరిచి లైట్లన్నీ ఆర్పేశాను. "హాజరు" అని నేనన్నాను. ఆమె వెనక్కి తిరిగింది. అప్పుడు తీశాను.

తీశాక నా అలవాటు నన్ను వదల్లేదు. స్వరూప చేత దవడ సన్నగా చేయించాను. గడ్డం కింద గీకి గీకి నల్లబడ్డ చర్మాన్ని తెల్లగా చేయించాను. ముడతలు తీయించాను. బహుమతి ఇచ్చినట్టు చేతికిచ్చాను.

"గిదెవలు?" అంది.

"నువ్వే అక్కా. జర టచింగ్ చేయించిన."

"మాలో ముసలితనం దాకా వచ్చేటోళ్లు తక్కువ తమ్మీ. కొందర్ని ఊరు తినె, కొందర్ని రోగం తినె, కొందరు వాళ్లే పోయిండ్రు. నేను ముసలిదాన్నైన. ఎంత కష్టపడి అయిన్నో నాకెరుక. గీ ముడతలు తీసేస్తే నేను ఇన్నేండ్లు బతికినట్టు సాక్ష్యమేంది?"

అన్నీ వెనక్కి పెట్టాం. ప్రతి ముడతా, ప్రతి మచ్చా. కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్లారా, ఇది రాసి పెట్టుకోండి. మనం అందం పెడుతున్నామనుకుని మనిషిని తీసేస్తుంటాం. ఉస్తాద్ సగమే చెప్పాడు. గిరాకి తనకు కావలసిన ముఖం కోసం వస్తాడు, నిజమే. అది ఏదో గిరాకిని అడగాలి. ముప్పై ఏళ్లకు పైగా నేను అడగకుండానే ఇచ్చాను.

ఆ ఫొటో పెద్దది చేసి స్టూడియో గోడకు పెట్టాం. సంగతి తెలిసి పట్నం నుంచి ఒక ఫొటోగ్రాఫర్ వచ్చాడు. మెడలో రెండు కెమెరాలు. మూడు ఫొటోలూ చూసి, "బాగున్నాయి గానీ వీటిలో స్ట్రగుల్ కనిపించట్లేదు. అమ్మా, ఒకసారి అద్దం ముందు కూర్చుని ఏడుస్తారా?" అన్నాడు.

"బిడ్డా, నా స్ట్రగుల్ నీకు కనవడాలంటే నాతోని పదేండ్లు తిరుగాలె. సాయంత్రం బస్సుకు పోయేటోనికి ఏం కనవడ్తది? చాయ్ తాగి పో," అంది రాజక్క. చాయ్ కూడా తాగకుండా పోయాడు. వీళ్లు సంతోషంగా కనిపిస్తే ఫొటో అబద్ధమనుకునే రకం అది. వెకిలిగా నవ్వేవాడికీ వీడికీ పెద్ద తేడా లేదు. ఇద్దరికీ కావలసింది మనిషి కాదు.

తమ్ముడు

పోయిన ఎండాకాలం రాజక్క దవాఖానలో చేరింది. సరిత రాత్రింబగళ్లు పక్కనే ఉండి అన్నీ తీసింది, అన్నీ కడిగింది. ప్రాణం పోయాక మాత్రం రక్తసంబంధం ఉన్నవాళ్లు కావాలన్నారు. "నువ్వేమైతవ్ అని అడిగిండ్రు మామా. బిడ్డనన్న. కాయితమున్నదా అన్నరు," అని సరిత ఫోన్లో చెప్పింది.

నెక్కొండ దగ్గర పల్లె నుంచి తమ్ముడు ఐలయ్య వచ్చాడు. యాభై ఏళ్లు ముఖం చూడని మనిషికి కాగితం ఉంది గనక తీసుకుపోయాడు. చేలాలను వెంట రావద్దన్నాడు. శవాన్ని ఇంటికి తేకుండా నేరుగా వల్లకాటికే తీసుకుపోయాడని తర్వాత తెలిసింది.

మూడో రోజు అతను మా స్టూడియోకే వచ్చాడు. నేను పని మానేసి అప్పటికే చాన్నాళ్లు. స్వరూపే నడుపుతోంది. నేను మూలన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాను.

"అమ్మా, మా అన్న ఫొటో మీ దగ్గరున్నదట. జర షర్ట్ ఏసి, మీసం పెట్టి ఇయ్యి. దినాలకు కావాలె," అన్నాడు.

"ఎవలే మీ అన్న?" అంది స్వరూప.

"రాజేశం."

"రాజేశం ఫొటో మా దగ్గర లేదన్నా. రాజేశ్వరి అత్తది ఉన్నది."

ఐలయ్య నా వైపు తిరిగాడు. అతనేమీ రాక్షసుడు కాదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "పెద్దమనిషివి, నువ్వన్న చెప్పు. నా బిడ్డ లగ్గం ఖాయమైంది. వియ్యాలవారు దినాలకు వస్తరు. గా చీర ఫొటో పెడితే లగ్గముంటదా? నా ఫికర్ నాది," అన్నాడు.

"అట్లయితే ఫొటో పెట్టకు. ఉత్త దీపం పెట్టు. నేనేమనను. లేని మొగోన్ని మాత్రం పుట్టియ్యకు. నీ అక్క బతిమిలాడుకున్నది అదొక్కటే," అన్నాను.

"అన్న," అన్నాడు.

"అక్క," అన్నాను.

లేచాడు. పోతూ పోతూ గోడ మీది పెద్ద ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. మాకు అతని వీపే కనిపించింది. చూసుకోనీ, యాభై ఏళ్ల తర్వాత చూసుకుంటున్నాడు అనుకుని మెత్తబడ్డాను. స్వరూపను కూడా పలకరించవద్దన్నాను. అతను ఫోన్లో ఆ ఫొటో తీసుకుంటున్నాడని నాకు తట్టలేదు. నలభై ఏళ్లు కెమెరా పట్టిన నాకు తట్టలేదు.

పదో రోజు

పదో రోజు నేను, స్వరూప, సరిత ఆ పల్లెకు పోయాం. సరిత చేతిలో గుడ్డ చుట్టిన రాజక్క పటం. ఇంటి ముందు టెంటు. టెంటు కింద కుర్చీ మీద దండ వేసిన పటం. అందులో తెల్ల చొక్కా, నల్ల మీసం, వెనక నీలం రంగు. కళ్లద్దాలు మాత్రం రాజక్కవే.

దగ్గరికి పోయి చూశాను. ఎడమ చెంప మీద వెలుగు పడి, ముక్కు పక్కన మెత్తగా నీడలోకి జారుతోంది. ఆ వెలుగు నాది. నా కిటికీది. నల్లగోడను చెరిపారు, సుద్దముక్కను చెరిపారు, చీరను చెరిపారు, వెలుగును చెరపడం వాళ్లకు రాలేదు. ముడతలు మాత్రం శుభ్రంగా తీసేశారు. అరవై ఆరేళ్లు బతికిన మనిషిని నలభై ఏళ్ల పరాయి మగాణ్ణి చేసి కూర్చోబెట్టారు.

ఐలయ్య ఎదురొచ్చి చేతులు జోడించాడు. "అన్నా, నువ్వు రా, నీ బిడ్డను రమ్మను. గామె వద్దు. దండం పెడత," అన్నాడు. సరిత టెంటు అంచునే ఆగిపోయింది.

పక్కింటి గోడ నీడలో నులక మంచం మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. రాజక్క తల్లి. "ఎవలు బిడ్డా మీరు? ఎండల నిలవడ్డరేంది?" అని పిలిచింది. సరిత పోయి కాళ్ల దగ్గర కూర్చుంది.

"నీ చేతుల గదేంది?"

"పటం అవ్వా."

"మా వానిదేనా? తియ్యి సూత్త."

సరిత నా వైపు చూసింది. నేను తలూపాను. గుడ్డ విప్పింది. ముసలామె పటాన్ని ఒళ్లో పెట్టుకుని, ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసింది. చీర మీద వేలు పెట్టింది. నొసటి గీతల మీద పెట్టింది. గడ్డం మీద పెట్టి, తన గడ్డం తడుముకుంది. ఐలయ్య వచ్చి అందుకోబోయాడు. ఆమె పటాన్ని పక్కకు తిప్పుకుంది.

"గిది ముందుగాల ఎందుకు పెట్టలేదురా? గా కుర్చీల ఎవన్నో తెచ్చి కూసోవెట్టినవ్. వారం దినాల సంది ఏడువు ఏడువు అంటాండ్రు. ఎవడో తెల్వనోన్ని చూసి నేనెట్ల ఏడుత?"

అప్పుడు ఏడ్చింది. టెంటు కిందున్నవాళ్లందరూ ఇటు తిరిగేంత గట్టిగా ఏడ్చింది. సరిత ఆమె మోకాళ్ల మీద తల పెట్టింది. ముసలామె చెయ్యి ఆ తల మీదనే ఉండిపోయింది.

ఐలయ్య ఏం చేశాడని అడుగుతారు. ఏమీ చేయలేదు. వియ్యాలవారి వైపు చూశాడు, మళ్లీ టెంటు కిందికి పోయాడు. వచ్చినవాళ్లు చొక్కా పటానికే పూలు వేశారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మాత్రం మంచం దగ్గరికొచ్చి నిలబడి, పటం చూసి వెళ్లారు. మేం పటం ముసలామె ఒళ్లోనే వదిలి వచ్చాం. ఇప్పుడు ఆ పటం ఆమె మంచం కింద ట్రంకు పెట్టెలో ఉందని, ముందు గదిలో గోడకు చొక్కా పటమే ఉందని విన్నాను.

ఆ చొక్కా తొడిగిన పిల్లవాడా, నీ స్టూడియో ఎక్కడుందో పటం వెనక అతికించిన చీటీ మీద చదివాను. ఇప్పుడు నాకు చదవడం వచ్చు. నీ దగ్గరికొచ్చి కొట్లాడలేదు. గిరాకి అడిగితే చేశానంటావు. ఆ జవాబు నాకు తెలుసు, నేనూ చెప్పాను. నువ్వు ఎవరిని మార్చావో నీకు తెలియదు కాబట్టి ఇదంతా రాశాను. ఇప్పుడు తెలిసింది.

ఒక రోజు దుకాణం మూసి కాశిబుగ్గకు రా. స్వరూప రాజక్క ఫొటో కడిగి ఇస్తుంది. ఫ్రేము నువ్వే కట్టు. కింద పేరు రాజేశ్వరి అని నీ చేత్తో ఎక్కించు. నెక్కొండ బస్సెక్కి ఆ ఇంటికి పోయి, నా వల్ల తప్పు జరిగింది, మీ పటం మార్చి ఇస్తానని ఐలయ్యకు చెప్పు. తిడతాడు, పడు. ముసలామెకు తొంభై దగ్గర పడ్డాయి. ఈ వారమే పో.